మేడమీద గదిలో ఇందుమతిగారు

ఇన్నేళ్లూ ఒక మనిషిని మోస్తున్నాను. బతికున్న మనిషి కాదు, పోయిన మనిషీ కాదు. ఆవిడ పేరు ఎవరైనా తలిస్తే ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటుంది. మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను.

కరుణా నేనూ బందరులో ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదువుకున్నాం. చదువయ్యాక నేను గుడివాడలో మా అన్నయ్య వాళ్లింటికి వచ్చేశాను. తను కోడూరు వెళ్లిపోయింది. వాళ్ల నాన్నగారు అక్కడ చర్చిలో పాస్టరు. వెళ్లిన కొన్నాళ్లకే తుంటి ఎముకకి క్షయ అన్నారు. నడుము నుంచి పాదం దాకా పిండికట్టు వేసి, ఏడాది పాటు మంచం దిగకూడదన్నారు. నయాపైసలు వచ్చిన కొత్త రోజులవి.

పందెం తనే పెట్టింది. ఈస్టరు నుంచి మళ్లీ ఈస్టరు దాకా, వారానికొక చిట్టిపుస్తకం చెయ్యాలి. అది అరచేతిలో ఇమడాలి. కాగితం కొనకూడదు, కుట్టు మన చేత్తోనే పడాలి. లోపల ఏం రాసినా, ఏం గీసినా కళ్లారా చూసిందే అయ్యుండాలి. తయారవగానే బుక్‌పోస్టులో పంపుకోవాలి.

నాకు భలే సరదా వేసింది. పొట్లాల కాగితాలూ, పాత క్యాలెండర్లూ పోగేశాను. మైదా ఉడకబెట్టి జిగురు చేశాను. కోడూరు నుంచి కరుణ పుస్తకాలు రాసాగాయి. ఒకదాన్నిండా కిటికీ ఊచ మీద నడిచిన ఒక్క చీమ. ఇంకోదాంట్లో చేపలు కడుగుతున్న వాళ్లమ్మ చేతులు, పేజీకొక తీరుగా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గోడ మీద ఎండ ఎలా జరిగిందో మరొకటి. మంచం మీద కదలకుండా పడుకున్న మనిషికి ఇంత ఎలా కనపడుతోంది? ఊరంతా తిరిగే నాకేమో రిక్షాలూ, రైసుమిల్లు పొగగొట్టమూ, మా వదిన కొన్న కొత్త కుండా అయ్యాక ఇంకేం దొరకలేదు. వానలు పడేసరికి నా దగ్గర చూసినవి అయిపోయాయి.

ఒక వారం, ఏం తోచక, ఇందుమతిగారిని రాశాను.

మా మేడమీద గదిలో అద్దెకున్నారని రాశాను. హార్మోనియంలు బాగుచేస్తారని రాశాను. పాత చీర పరిచి దాని మీద పెట్టె విప్పుతారు. ఇత్తడి రీడులు ఒక్కొక్కటే తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటి వింటారు. బొమ్మలు కూడా వేశాను. అలాంటి మనిషిని నేనెక్కడా చూడలేదు. ఆ గదిలో ఉన్నవి అన్నయ్య మినుముల బస్తాలు.

కరుణ తన తర్వాతి పుస్తకం వెనకట్ట మీద ఒక్క ప్రశ్న రాసి పంపింది. ఆవిడది ఎడమచేతి వాటమా? ఒకసారి నా చిత్తుబొమ్మలు చూసుకున్నాను. అవును, ఎడమచేత్తోనే వేశాను. ఆ వారమంతా ఇందుమతిగారు ఏ చేత్తో అన్నం కలుపుకుంటారా అని ఆలోచిస్తూ తిరిగాను. అబద్ధం ఆడుతున్నానని అప్పుడు అనిపించిందా? లేదు. లేని మనిషి ఎంతదూరం నడుస్తుందో చూద్దామని ఒకటే కుతూహలం. వారంవారం రాసేకొద్దీ ఆవిడ నాకే కొత్తగా తెలుస్తున్నట్టుండేది.

క్రిస్మస్ ముందర కరుణ రాసింది. వాళ్ల చర్చి హార్మోనియానికి ఉప్పుగాలికి చిలుము పట్టి సగం రీడులు పలకడం లేదట. వాళ్ల నాన్నగారు బస్సు మీద వేసి పంపిస్తామంటున్నారట. ఇందుమతిగారిని అడగమంది.

నిజం చెప్పడానికి ఒక కార్డు ముక్క చాలు. నేను కార్డు రాయలేదు. ఇందుమతిగారు జ్వరంతో పోయారని ఇంకో పుస్తకం కుట్టాను.

జవాబుగా వచ్చిన పుస్తకంలో ఒక్క అక్షరం లేదు. అన్నీ తెల్లకాగితాలే, నల్లదారంతో కుట్టి ఉన్నాయి. అది చేతిలో పట్టుకుని ఏడ్చాను. ఎవరి కోసం ఏడ్చానో ఇప్పటికీ తెలీదు.

ఈస్టరు అయ్యాక కరుణకి కట్టు విప్పారు. చేతికర్ర పట్టుకుని, వాళ్ల నాన్నగారితో బస్సెక్కి గుడివాడ వచ్చింది. వచ్చీ రాగానే మేడమెట్లు ఎక్కింది. మెట్టు మెట్టుకీ ఆగి, నా భుజం పట్టుకుని ఎక్కింది. తలుపు తీశాను.

"ఇక్కడే కూర్చునేవారా?" అంది.

"ఆఁ. కిటికీ పక్కన."

కిటికీ వైపు చూసింది. "వెలుతురు ఎడమవైపు నుంచి వస్తోందే. ఎడమచేతి వాటం వాళ్లకి పనిమీద నీడ పడదూ?"

"అలవాటైపోయిందనేవారు."

"సామానేమైందే?"

"వాళ్ల తమ్ముడొచ్చి తీసుకెళ్లాడు."

లేని మనిషికి తమ్ముణ్ణి కూడా పుట్టించాను. కరుణకి అనుమానం వస్తుందని మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. రాలేదు. బస్తాల పక్కన నేల మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. కాగితం మీద రాసింది ఆట అనుకోవచ్చేమో. ఆ గదిలో నోటితో అన్నది ఏమనుకోవాలి?

కోడూరు తిరిగెళ్లి ఆ హార్మోనియం తనే విప్పింది. నువ్వు రాసినట్టే చేశాను, కొన్ని పలికాయి అని ఉత్తరం రాసింది. నేను రాసిందెంత? గుడ్డతో తుడవడం, చెవి పెట్టి వినడం. గాలితిత్తికి తోలు ఎలా అతకాలో, తప్పిన స్వరాన్ని ఎలా సరిచెయ్యాలో నాకేం తెలుసు? అవన్నీ తనే పాడుచేసుకుంటూ, మళ్లీ చేసుకుంటూ పట్టుకుంది. నాలుగైదేళ్లలో దివిసీమ చర్చిల వాళ్లూ, మోపిదేవి వైపు భజన మందిరాల వాళ్లూ పెట్టెలు తెచ్చి కరుణ దగ్గర దింపేవాళ్లు. కుంటికాలితో తను బతికింది ఆ పని మీదే.

ఒకసారి వాళ్లూళ్లో కొత్త చర్చి ప్రతిష్ఠకి వెళ్లాను. పాటలయ్యాక పెద్దాయన ఒకరు, ఈ విద్య ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా అని తనని అడిగారు. గుడివాడ ఇందుమతిగారండీ అంది. నేను చూడలేదు గానీ మా స్నేహితురాలు ఎరుగునండీ అని నావైపు తిరిగింది. అందరూ నన్నే చూశారు. నేను తలూపాను.

చివరి జబ్బులో చూడ్డానికి వెళ్లినప్పుడు చెప్పాలనే వెళ్లాను. చెప్పకుండానే వచ్చేశాను. తను పోయింది.

పోనీలే, మంచే జరిగిందిగా అంటారేమో. నేనూ చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను. కానీ అది తన చెవి, తన వేళ్లు, తన తెలివి. మెచ్చుకున్న ప్రతివాళ్లకీ తను ఇంకొకరి పేరు చెప్పి పక్కకి తప్పుకుంది. తనకి గురువంటూ ఎవరూ లేరన్న సంగతి తనకే తెలియకుండా చేశాను. అది ఎవరికి తిరిగివ్వను ఇప్పుడు?

ఇందుమతి అనే మనిషి లేదు. కరుణ ఒక్కతే నేర్చుకుంది. మీకు రాస్తూ ఈ రెండు మాటలూ పైకి అన్నాను, మొదటిసారి.