దిమ్మిస కొట్టని ఇసుక

ఎక్స్‌రేని కిటికీ వెలుగుకి ఎత్తి చూపిస్తూ డాక్టరు ఒకటే మాట అన్నాడు. "ఇకమీదట ఇసుక జోలికి వెళ్ళకండి." మిరపకాయ బజ్జీలు మానెయ్యమన్నంత తేలిగ్గా అన్నాడు.

ఇరవై ఆరేళ్ళు ఆటోనగర్‌లో ఒక చిన్న ఫౌండ్రీలో ఇసుకతో అచ్చులు కట్టినవాణ్ణి నేను. కరిగిన ఇనుము ఎవరైనా పోస్తారు. అది ఏ ఆకారంలో గడ్డకట్టాలో చెప్పేది ఇసుక, ఆ ఇసుకకి చెప్పేవాణ్ణి నేను. గుప్పెడు తీసి పిడికిట్లో నొక్కి, వేళ్ళు విప్పి, ముద్ద విరిగిన తీరు చూసి తడి ఎంతో, బంకమట్టి ఎంతో చెప్పేసేవాణ్ణి. ఆ ఇసుకే ధూళై ఊపిరితిత్తుల్లో పేరుకుందట. డాక్టరు ఇసుకని తప్పుపట్టాడు. ఇన్నేళ్ళూ మూతికి కట్టుకోమని ఒక పాత గుడ్డముక్క తప్ప మరేమీ ఇవ్వని వాళ్ళని మాత్రం ఒక్క మాటా అనలేదు. నాకు ఒళ్ళు మండింది. అయినా అప్పుడు నోరు పెగల్లేదు.

పని మానేశాను. మానక తప్పలేదు. కంచరపాలెంలో మా వాటాకి పన్నెండు మెట్లు, ఎక్కేలోపు రెండుసార్లు ఆగేవాణ్ణి. కిటికీ దగ్గర కూర్చుని గూడ్సు బళ్ళు చూడటమే ఉద్యోగమైంది. చేతులు ఊరుకునేవి కావు. అన్నం కలిపేటప్పుడు కూడా ముద్ద నొక్కి, విరిచి చూసేవి. మా ఆవిడ నా మేనమామ కూతురే, చిన్నప్పటినుంచీ నన్ను బావా అనే పిలుస్తుంది. "అన్నం తిను బావా, అచ్చు కట్టకు" అనేది.

ఒకరోజు మందుల కోసం పాతవూరు వెళ్ళి, దారిలో ఒక చేపల తొట్ల దుకాణం ముందు ఆయాసం తీర్చుకుందామని ఆగాను. లోపల ఉప్పునీళ్ళ తొట్టి ఒకటి ఉంది. అడుగున ఇసుక. చేప తోక విదిలిస్తే కాస్త లేచి, మళ్ళీ అక్కడే కూర్చుంటోంది. గాల్లోకి రాదు, ముక్కులోకి పోదు. అరగంట నిలబడి చూశాను, చేపల్ని కాదు. ఆ నిమిషంలోనే తేల్చుకున్నాను. నా ఇంట్లో ఇసుక ఉంటుంది. ఎవడు వద్దన్నా ఉంటుంది.

దుకాణం సాయిబు నాకంటే పెద్దవాడు, నిదానస్థుడు. ఉప్పునీళ్ళ తొట్టి కొత్తవాళ్ళకి కష్టమని ముందే చెప్పాడు. నేను వినకపోయేసరికి ఒక డబ్బాలోంచి తెల్లటి ఇసుక అరచేతిలో పోసుకుని దాని మీద నిమ్మకాయ పిండాడు. సన్నగా నురగ వచ్చింది.

"సూసారా భాయ్, ఇది రాయి కాదు. పగడాలూ గవ్వలూ నలిగిన పొడి. సున్నం ఉన్నాది కాబట్టి నీళ్ళని పాడవనీదు. పిండిలా సన్నది వద్దు, ఉప్మారవ్వంత గింజ తీసుకోండి. రెండేళ్ళ మందం పరిస్తే సాలు."

రెండు వేళ్ళ మందమట! గుప్పెడు తీసి నొక్కాను. వేళ్ళు విప్పగానే జారిపోయింది. పిడికిట్లో నిలబడనిది కూడా ఒక ఇసుకేనా అనిపించింది.

"ఇరవయ్యారేళ్ళు ఇసకలో బతికినోణ్ణి. ఇసక గురించి నాకు సెప్పకండి" అన్నాను. ఆయన నవ్వి తొట్టి, పంపు, ఉప్పు మాత్రం కట్టించి ఇచ్చాడు.

"సముద్రం పక్కనెట్టుకుని ఇసక కొంటావేటి?" అంది మా ఆవిడ. అదీ చూశాను. బీచిలో గుప్పెడు తడి ఇసుక తీసి, పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం అందులో తిప్పాను. ఇనుము కలిసిన నల్ల రేణువులు గుత్తులుగా అంటుకున్నాయి, ఉప్పునీళ్ళలో అవి తుప్పుపడతాయి. పైగా ఊళ్ళో మురికికాలవలు చేరేదీ అక్కడికే. వద్దనుకున్నాను.

చివరికి నాకు తెలిసిన ఇసుకే తెచ్చుకున్నాను. ఫౌండ్రీలో అడిగి, బంకమట్టి కలపని కొత్త బస్తా ఒకటి, మూతి విప్పకుండానే నీళ్ళలో ముంచి ఆటోలో వేయించాను. బస్తాని చూడగానే మా ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నిన్ను తినీసిన ఇసకనే ఇంటికి తెచ్చినావా?"

"తడిసిన ఇసక ఎగరదే. దాన్ని నాను ఎరుగుదును."

"అదీ నిన్ను ఎరుగును" అంది. కాసేపు వాదించుకున్నాక ఒక షరతు పెట్టింది. "సరే, పెట్టుకో. గానీ ఒక్క సేప సచ్చినా తొట్టి బయటికెల్లిపోతాది. మళ్ళీ ఇసక మాట ఎత్తకూడదు." ఒప్పుకున్నాను. నాకు ఇసుక దగ్గర ఓటమేమిటి?

బియ్యం కడిగినట్టు ఎనిమిది నీళ్ళు మార్చి కడిగాను. బెత్తెడు మందం పోశాను. ఆ తరవాత, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, పైన నీళ్ళు పొయ్యకముందే అచ్చు బిగించే చిన్న దిమ్మిస తీసుకుని ఆ ఇసుకని కొట్టాను. అచ్చుపెట్టెలో కొట్టినట్టే మూలలు ముందు, మధ్య తరవాత, ఒత్తుగా, చెక్కతో చదును చేసి మరీ. తొట్టి అడుగు గచ్చు చేసినట్టు నున్నగా వచ్చింది. చాలా రోజుల తరవాత చేతులకి పని దొరికింది. ఆ పూట మెట్ల దగ్గర ఆయాసం కూడా తెలియలేదు.

నీళ్ళు కుదురుకోవడానికి సాయిబు చెప్పినట్టే నెల రోజులు ఆగి, రెండు నారింజరంగు చారల చేపల్నీ ఒక నత్తనీ తెచ్చాను. "నత్త ఇసకలో దూరిపోతాది, కనబడలేదని కంగారుపడకండి" అన్నాడు ఆయన. మా నత్త దూరలేదు. తాళం వేసిన ఇంటి ముందు చుట్టంలా పైపైనే తిరిగింది. బద్ధకపు నత్త అంటగట్టాడని సాయిబునే తిట్టుకున్నాను.

కొన్ని వారాలకి అద్దం పక్కన ఇసుకలో నల్లటి చార కనబడింది. అక్కడక్కడా ఒక బుడగ. అప్పుడు తట్టింది. అచ్చు కట్టాక సన్నటి ఊచతో ఇసుకలో కన్నాలు పొడవాలి. పొడవకపోతే వేడికి పుట్టిన ఆవిరి పోయే దారిలేక పోత పాడైపోతుంది. పనిలో చేరిన మొదటివారం నేను కన్నాలు మరిచిపోతే, ఒక పోత మొత్తం తూట్లుపడి తుక్కులోకి పోయింది. మా మేస్త్రీ నెత్తి మీద మొట్టికాయ వేసి, "ఇసకని ఊపిరి తీసుకోనీరా" అన్నాడు. తొట్టికీ అదే జబ్బు, ఇంతేనా అనుకున్నాను. పని మానేసిన రోజు గుర్తుగా తెచ్చుకున్న ఊచ అటకమీద ఉంది. దింపి, కడిగి, ఇరవై ముప్పై పోట్లు పొడిచాను.

ప్రతి పోటుకీ బుడగలు లేచాయి. ఇల్లంతా కుళ్ళిన గుడ్ల కంపు. నేను కొట్టి బిగించిన ఇసుకలో నీళ్ళు ఆడక, అడుగున మురిగిందంతా ఒక్కసారి పైకొచ్చింది. ఫౌండ్రీలో ఆ ఆవిరి గాల్లో కలిసిపోతుంది. ఇక్కడ చేపలున్న నీళ్ళలోనే కలిసింది. రెండు చేపలూ పైకి తేలి నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసింది. "బావా, నువ్వు మెట్లెక్కినప్పుడు అచ్చం ఇలాగే ఉంటావు" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మార్చడానికి కలిపి ఉంచిన ఉప్పునీళ్ళు బకెట్లో ఉంటే, చేపల్నీ నత్తనీ అందులోకి మార్చాం. ఆవిడ బకెట్ ముందు కూర్చుని, టీ చల్లార్చినట్టు చెంబుతో నీళ్ళు ఎత్తి పోస్తూనే ఉంది, గాలి కలవాలని. నేను ఆ నల్లటి ఇసుకని చేతులతో తవ్వి తీశాను. నాకూ ఊపిరి అందడం లేదు. ఆగలేదు. మధ్యాహ్నానికి చిన్న చేప చచ్చిపోయింది.

షరతు ప్రకారం తొట్టి బయటికి పోవాలి. ఆవిడ ఖాళీ తొట్టి వైపు చూసింది. నేను దానికి అడ్డంగా కూర్చున్నాను.

"తియ్యను. మాటిచ్చినాను, నిజమే. తప్పు నాదే, సేపని సంపింది నానే. గానీ మొదటి పోత పాడైనప్పుడు మేస్త్రీ నన్ను గెంటీలేదు. మొట్టికాయ ఏసి మళ్ళీ అచ్చుపెట్టె సేతికిచ్చినాడు."

ఆవిడ చెంబు కింద పెట్టింది. తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని వచ్చి, నెత్తి మీద గట్టిగా ఒక మొట్టికాయ వేసింది. నిజంగానే నొప్పెట్టింది.

"ఎల్లు. ఆ సాయిబు సెప్పిన ఇసక తే. మిగిలిన సేప బకెట్లో ఎన్నాళ్ళుంటాది?"

ఆ పూటే పాతవూరు వెళ్ళాను. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి, ఏ ఇసుక వెయ్యాలని ఇంకొకడిని అడిగాను. అడగడం అంత కష్టమని అప్పటిదాకా తెలియదు. సాయిబు జరిగిందంతా విని, "పిడికిట్లో నిలబడదు భాయ్, పరవాలేదా?" అన్నాడు. "నిలబడక్కర్లేదు" అన్నాను. ఆయన తన దుకాణంలో నడుస్తున్న తొట్టిలోంచి రెండు డబ్బాల నీళ్ళూ, గుప్పెడు పాత ఇసుకా ఇచ్చాడు. పాలు తోడుకోవడానికి వేసే తోడంటు లాంటిదట కొత్త తొట్టికి.

తొట్టిలో కొత్తగా ఉప్పునీళ్ళు కలిపి, సాయిబు ఇచ్చిన నీళ్ళూ పోసి, రవ్వ ఇసుకని సంచితోనే అందులో దించి, లోపలే మూతి విప్పాను. రెండు వేళ్ళ మందం. పరిచాక నా అరచెయ్యి దానంతటదే అదమబోయింది. "ఒగ్గీ బావా" అంది ఆవిడ నా మణికట్టు పట్టుకుని. వదిలేశాను. ఎగుడుదిగుడుగానే ఉండనిచ్చాను. నత్తని వేశాం. కిటికీ అవతల గూడ్సు బండి ఒకటి దాటే లోపల అది ఇసుకలోకి దిగిపోయింది, ముక్కుకొస మాత్రం బయట పెట్టుకుని. మిగిలిన చేప బతికింది.

మొన్న మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టరు చీటీ ముందుకి లాక్కుంటూ అడిగాడు. "ఇసుకకి దూరంగా ఉంటున్నారా?"

"నేదండి. మా ఇంట్లోనే ఉన్నాది."

డాక్టరు మా ఆవిడ వైపు చూశాడు, ఈవిడైనా బుద్ధి చెబుతుందని. "నీళ్ళల్లో ఉన్నాదండి. కొట్టడం మానీసినాడు" అంది ఆవిడ.

ఆయనకి ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం అప్పటి మంట మళ్ళీ లేచింది, ఈసారి నోరు పెగిలింది. "ఇసక్కి నోరు నేదు కాబట్టి తప్పంతా దాని మీదేసినారు మీరు. నాను దాంతో బతికినాను, ఇకముందూ బతుకుతాను. ఇరవయ్యారేళ్ళు నా మూతికి గుడ్డముక్కిచ్చి సరిపెట్టినోళ్ళున్నారు. ఆళ్ళ గురించి ఆ చీటీలో ఒక్క ముక్క రాసినారా?"

అంత మాట్లాడేసరికి ఆయాసం వచ్చింది. తీరేదాకా ఆయన ఆగాడు. తరవాత కలం తెరిచి, మొదటిసారిగా, నేను ఎక్కడ పనిచేశానో అడిగాడు.

ఫౌండ్రీ పేరూ, వీధీ, యజమాని పేరూ చెప్పాను. ఆయన రాసేదాకా పక్కన నిలబడి చూశాను.