చప్పుడు లేని ఫ్యాను

బాలచంద్ర కుదురుగా కూర్చోవడం ఎవరూ చూసినట్టు లేదు. తిరుపతి బస్టాండు వెనక కంప్యూటర్లు బిగించే అతని అంగట్లో కుర్చీ ఉండేది వచ్చినవాళ్లకే. తనేమో ఒంటికాలి మీద నిలబడి, పెదవుల మధ్య స్క్రూ కరుచుకునే మాట్లాడతాడు. లాడ్జి మేనేజరు దేవరాజులు కౌంటరు కింద అరలో పట్టేంత చిన్న కంప్యూటరు కావాలన్నాడు. అంత చిన్న పెట్టెలో ప్రాసెసరును చల్లబరిచే మామూలు ఫ్యాను పెడితే మూత పడలేదు. వేలి కణుపులతో కొలిచి కొలిచి, మద్రాసు నుంచి రెండు కణుపుల ఎత్తు ఫ్యాను తెప్పించినాడు. ప్రాసెసరు మీద వేడి లాగే పేస్టు బొట్టంత పెట్టి, ఫ్యానును అదిమి, నాలుగు మూలలా బిగించినాడు. మూత పడింది. కానీ స్విచ్చి వేస్తే చప్పుడే లేదు. "తిరగతాండాదంటావా అప్పా?" అని పెట్టె కోసం వచ్చిన దేవరాజుల్ని అడిగి, జవాబు వినకుండానే మూత తీసినాడు. మూసినాడు, మళ్లీ తీసినాడు. కడాకు మూత వేసి, పెట్టె పక్క చిల్లుల ముందర వేలు పెట్టి, వెచ్చని గాలి తగిలినాకనే నిమ్మళించినాడు.

మధ్యాహ్నం ఇంటికి పోతే, పోయిన వారమే ఆస్పత్రి నుంచి వచ్చిన అమ్మ శకుంతలమ్మ నిద్రపోతా ఉండాది. ఎప్పుడూ వీధిదాకా వినపడే గురక ఈ పొద్దు లేదు. చెప్పులు కూడా విడవకుండా లోపలికి పోయి, ఆమె ముక్కు ముందర వేలు పెట్టినాడు.

ఆమె కళ్లు తెరవకుండానే అనింది: "ఊపిరి ఆడతాండాదిలే నాయనా. పోయి కూర్చోని అన్నం తిను."

బాలచంద్ర అన్నం తట్ట చేతిలో పట్టుకోని, మంచం కనపడేటట్టు గడపలో నిలబడే తిన్నాడు.