పలకముక్కల వాకిలి

పోయిన నెల నేను గిద్దలూరులో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. పొద్దున్నే దేవుడి ముందు దీపం పెట్టి లేస్తుంటే ఫోను మోగింది. మార్కాపురంలో మా పక్కింటి కోడలు చేసింది. "అక్కా, అత్తమ్మ పోయింది. నిద్దర్లోనే" అని ఫోను ఎవరికో ఇచ్చేసింది. నేను మంచినీళ్లు కూడా తాగకుండా బస్సెక్కాను. కంభం దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. అక్కడ రోడ్డు పక్కన ఒకామె ఇంటి ముందు నీళ్లు చల్లుతూ కనిపించింది. అప్పుడు వచ్చింది.

పోయినావిడ నాకు చుట్టం కాదు. పెళ్లై ఈ వీధికి వచ్చిన రోజు నుంచి పెద్దమ్మా అని పిలిచాను, ఆమె పాపా అని పలికింది. నాకు యాభై ఏళ్లు వచ్చినా పాపనే. ఆమె గురించి నాలుగు మాటలు రాసుకోవాలనిపించింది. మీ వీధిలోనూ ఇలాంటి ఒకామె ఉంటే, చదివాక ఒకసారి పోయి పలకరించి రండి.

పెద్దమ్మ పలకల ఫ్యాక్టరీలో పనిచేసేది. బడిపిల్లలు రాసుకునే పలకలకు చెక్క చట్రాలు బిగించే పని. ముప్పై ఏళ్లకే భర్త పోయాడు, చంకలో కొడుకు. అప్పటి పెద్దలు, మొగుడు పోయిన ఆడది పొద్దున్నే వాకిట్లో ముగ్గు పెట్టగూడదన్నారట. ఆమె ఎదురు చెప్పలేదు. ముగ్గు డబ్బా కడిగి అటక మీద పెట్టేసింది. తరువాత సాయంత్రం పని నుంచి వచ్చేటప్పుడల్లా అన్నం గిన్నె సంచిలో రెండు మూడు పగిలిన పలకముక్కలు వేసుకుని రావడం మొదలుపెట్టింది. అవి ఎటూ ఊరి బయట గుట్టలుగా పారబోసేవే కాబట్టి మేస్త్రీ ఏమీ అనేవాడు కాదు. వాకిలి చదును చేసి, తడి ఇసుక పరిచి, ఆ ముక్కలు ఒక్కొక్కటే పేర్చింది. ఎన్నాళ్లు పట్టిందో ఆమెకే గుర్తులేదు. చివరికి వాకిలంతా పరుచుకున్న ఎనిమిది రేకుల పువ్వు తయారైంది. పువ్వు నడిమధ్య మాత్రం రాయి పెట్టకుండా దోసెడంత గుంట వదిలిపెట్టింది.

నేను కొత్తకోడలిగా మొదటిసారి వాళ్లింటికి పోయినప్పుడు ఆ పువ్వు చూసి వాకిలి బయటే ఆగిపోయాను. పలకంటే సరస్వతి కదా. చిన్నప్పుడు పొరపాటున పలకకు కాలు తగిలితే కళ్లకద్దుకోమని మా నాయన నేర్పించాడు. ఇక్కడేమో వాకిలి నిండా పలకలే. గోడవారగా, ఇసుక మీద అడుగులు వేసుకుంటూ పోతుంటే కాలు ఒక రేకుకు తగిలింది. వంగి కళ్లకద్దుకున్నాను. పెద్దమ్మ చేట పక్కన పెట్టి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"చట్రం కట్టి, బలపం ఆడితేనే పాపా అది సరస్వతి. అంతదాకా బండే. నేను దినామూ వాటి మీదే కూసోని బువ్వ తింటా. రా లోపలికి" అంది.

నడుమ గుంట ఎందుకని ఆ రోజే అడిగాను. మరునాడు పొద్దున చూడమంది. చూశాను. తలస్నానం చేసి, బియ్యంలో ఏరిన నూకలు దోసిట్లో తెచ్చి ఆ గుంటలో పోసి, దండం పెట్టుకుని పక్కకు తప్పుకుంది. కరెంటు తీగ మీద నుంచి పిచ్చికలు బిలబిలమంటూ దిగాయి.

"ముగ్గు పెట్టగూడదన్నారు. పిచ్చికలకు పెట్టగూడదని ఎవురూ అనలా" అంది నా వైపు చూడకుండానే.

ఆ మాటలో ఎవరి మీదా కోపం లేదు. అందుకే నాకు ఇన్నేళ్లూ గుర్తుంది.

ఆమెకు చిన్న చిన్న అలవాట్లు చాలా ఉండేవి. నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడు వీధిలో బిందెల కోసం మాటా మాటా పెరిగితే, పెద్దమ్మ గొడవపడేవాళ్ల బిందె ముందుకు జరిపి తను వెనక్కి పోయి నిలబడేది. బిందె నిండాక నీళ్లను వేలితో తాకి కళ్లకద్దుకునేది. బియ్యం కడిగిన నీళ్లు కనకాంబరం మొక్కకు, కూరగాయలు కడిగిన నీళ్లు వాకిలికి పోసేది. ఆ నీళ్లు పడినప్పుడు ఆ పువ్వును చూడాలి. ఎండి ఉన్నంతసేపు ముక్కలన్నీ ఒకే బూడిద రంగు. తడవగానే ఒక రేకు నల్లగా, ఒకటి ఆకుపచ్చగా, ఒకటి వంకాయ రంగులో తేలేవి. ఫ్యాక్టరీ దుమ్ము వల్ల పట్టుకున్న దగ్గు ఆమెను చివరిదాకా వదల్లేదు. దగ్గు తెర ఆగినాక రొమ్ము మీద చెయ్యి వేసుకుని, ఊపిరి ఆడుతున్నందుకు స్వామికి దండం పెట్టేది. నేను గుడికి పోయి అడిగేవి ఎక్కువ. ఆమె ఇంట్లో కూర్చుని చెప్పుకునే దండాలు ఎక్కువ.

ఏడేళ్ల కిందట మా ఇంటాయన దుకాణం కట్టేసి వచ్చి, మంచినీళ్లు అడిగి, నేను చెంబు తెచ్చేలోపే కుర్చీలో ఒరిగిపోయారు. మా వాళ్ల పట్టింపు ప్రకారం ఏడాది పాటు ఇంటి ముందు ముగ్గు వేయలేదు. ఏడాది తిరిగింది. నా కాలానికి పట్టింపులు తగ్గాయి, ఇక వేసుకోవచ్చన్నారు. నేనే వేయలేకపోయాను. ముగ్గు డబ్బా పట్టుకుని గడప దాకా వచ్చేదాన్ని. చెయ్యి లేచేది కాదు. దీపం పెట్టేదాన్ని గానీ నోటికి స్తోత్రం వచ్చేది కాదు. వీధి తలుపు గడియ వేసి, ఏ పనికైనా పెరటి దోవనే పోయి వచ్చేదాన్ని. మా అమ్మాయి ఫోనులో ఏడ్చేది. ఆ ఇంట్లో నేను కూడా లేనట్టే అయిపోతానేమోనని దాని భయం. నాకు ఆ భయం కూడా కలగలేదు.

ఒక రోజు వీధి తలుపు అవతల రాళ్లు కుమ్మరించిన చప్పుడైంది. తలుపు తీశాను. పెద్దమ్మ మా వాకిట్లో చతికిలబడి ఉంది, పక్కన పలకముక్కల కుప్ప, ఖాళీ గోతం.

"ఏంది పెద్దమ్మా ఇది?"

"మీ వాకిట్లో వాన పడితే అంతా బురద. నువ్వు జారి పడితే ఆస్పత్రికి మోసుకపోయేది నేనే గదా. నా నడుము ఆగదు పాపా."

ఓదార్పు మాట ఒక్కటి అనలేదు. చెంబుతో నీళ్లు తెమ్మంది, తెచ్చాను. కాసేపటికి ఒక ముక్క నా వైపు చాచి, కళ్లు ఆనడం లేదు, ఇది ఎక్కడ సరిపోతుందో చూడమంది. బియ్యంలో మట్టిబెడ్డ ఎక్కడున్నా పట్టే కళ్లు ఆమెవి. అది తెలిసి కూడా కూర్చున్నాను. ఒక ముక్క పెట్టాను, ఇంకొకటి పెట్టాను. అందంగా ఉంటుందని నున్నటి వైపు పైకి వచ్చేట్టు పెట్టుకుంటూ పోయాను. పెద్దమ్మ వెనకాలే వచ్చి అన్నీ తిరగేసింది.

"నున్నటిది కిందికి, గరుకుది పైకి. కాలు పట్టేది గరుకే" అంది.

అట్లా చాలా సాయంత్రాలు కూర్చున్నాం. మాటలు తక్కువ. కోడలు చేసిన పులుసు చప్పగా ఉందనో, అర్ధవీడు నుంచి ఎవరో మేకపిల్లను తెచ్చి కట్టేస్తే రాత్రంతా అరిచిందనో, అంతే. మా పువ్వు ఆమె పువ్వంత బాగా రాలేదు, ఒక రేకు వంకర పోయింది. దాన్ని సరిచేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది, అది నేను పెట్టిన రేకని తెలియాలంది. నడుమ గుంట మాత్రం తన వాకిట్లో లాగే వదిలింది. అందులో ఏం వేయాలని అడిగాను.

"అది నీది. నీకు ఎప్పుడు తోస్తే అప్పుడు."

ఆ గుంట చాలాకాలం ఖాళీగానే ఉంది. నేను మాత్రం వీధి తలుపు తీసి పెట్టడం మొదలుపెట్టాను. తలుపు మూసి ఉంటే వాకిలికి నీళ్లు చల్లడం కుదరదు కదా. కార్తీకంలో ఒక తెల్లవారుజామున దీపం పెట్టి వచ్చి, ఏమీ అనుకోకుండానే, ఆ గుంటలో చిటికెడు ముగ్గుపిండితో చిన్న పద్మం వేశాను. తల ఎత్తేసరికి పెద్దమ్మ నూకల గిన్నెతో తన వాకిట్లో నిలబడి ఉంది. చూసింది. మెచ్చుకుంటుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను.

"టీ పెట్టినావా?" అంది.

పెట్టాను. ఆ పూట ఇద్దరం మా వీధి గడప మీద కూర్చుని తాగాం.

బస్సు దిగి ఆటోలో ఇల్లు చేరేసరికి పెద్దమ్మను వాకిట్లోనే, ఆ పువ్వు పక్కన పడుకోబెట్టి ఉన్నారు. చేతులు చూశాను. వేళ్ల చివర్లు అరిగిపోయి, ఆమె పేర్చిన రాళ్లలాగే గరుగ్గా ఉన్నాయి. కళ్లకద్దుకున్నాను. ఈసారి నవ్వడానికి ఆమె లేదు.

మధ్యాహ్నం దాటాక మగవాళ్లు పాడె ఎత్తుకుని పోయారు. ఆడవాళ్లం ఇల్లు కడిగి, వాకిట్లో బిందెలతో నీళ్లు గుమ్మరించాం. రాళ్ల మీది దుమ్ము పోయి, నలుపు, పచ్చ, వంకాయ రంగు ఒక్కసారిగా పైకి వచ్చాయి. అప్పుడు చూశాను, కరెంటు తీగ మీద పిచ్చికలు. పొద్దుటి నుంచి వాటికి ఎవరూ గింజ వేయలేదు.

కోడలు లోపలి నుంచి నూకల గిన్నె తెచ్చింది గానీ గడప దాటలేదు. అరుగు మీద కూర్చున్న వీధి చివరి అవ్వ వైపు చూసింది. మా వీధిలో ఏ పట్టింపుకైనా ఆమె మాటే మాట. అవ్వ గిన్నె చూసి మొహం చిట్లించింది. మైలలో వాకిట్లో గింజలు ఏందని అడిగింది. కోడలు గిన్నె కొంగు కిందకి దాచుకుని నా వైపు తిరిగింది.

"అక్కా, ఈ పొద్దుకు మానేదా?"

పెద్దల ముందు నేను మాట్లాడే మనిషిని కాదు. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

"ముగ్గు కాదు అవ్వా. పిచ్చికలకు."

అవ్వ నన్ను చూసింది. ఆ తరువాత పువ్వును చూసింది. అరుగు మీద నుంచి కిందికి జాపిన కాళ్లు మడిచి, దోవ ఇచ్చింది.

కోడలు ఆ తడి రేకుల మీదుగా నడిచి, గుంటలో నీళ్లు చేత్తో తోడి పారబోసి, నూకలు పోసి వెనక్కి వచ్చింది. అందరం గోడవారకు జరిగాం. పిచ్చికలు వెంటనే దిగలేదు. ఇన్నేళ్లూ చూసిన మనిషి కనిపించక కాబోలు, తీగ మీదే అటూ ఇటూ గెంతాయి. ఆఖరికి ఒకటి దిగి వంకాయ రంగు రేకు మీద వాలింది. రాయి ఇంకా తడిగానే ఉంది. అది జారలేదు. ఆ గరుకు మీద కాళ్లు నిలదొక్కుకుని, మెడ సాచి, మొదటి గింజ అందుకుంది.