వేపకు అంటిన రోగం

మైలుతుత్తం, సున్నం కలిపిన వాసన వస్తే మా ఊరు మట్మారిలో ఇంటి వాకిట్లోని వేపచెట్టు గుర్తొస్తుంది.

చిన్నప్పుడు నాకు అమ్మవారు పోసి తగ్గాక అవ్వ వేపాకు నీళ్లతో స్నానం చేయించి, ఆ నీళ్లు చెట్టు మొదట్లోకే పారేలా చేసింది. వానలు మొదలైన కొద్ది రోజులకే కొమ్మల చివర్లు మాడిపోయాయి. నా రోగమే అంటిందనుకున్నాను.

నాయన రంపం తెచ్చాడు.

"రోగమున్న కొమ్మను ఉంచితే చెట్టంత పోతదమ్మా," అన్నాడు అవ్వతో. "కోసి కాల్చెయ్యాలె."

నా చేతుల మీద పొక్కుల మచ్చలు ఇంకా నల్లగానే ఉన్నాయి. చొక్కా చేతులు వేళ్లదాకా లాక్కున్నాను.

నాయన నా వైపు తిరిగాడు. "ఏంది, గట్ల నిలబడ్డవ్? ఇట్ల రా."

నా చేతులూ కోస్తాడేమోనని అవ్వ వెనక నక్కాను.

చెట్టుకు పట్టింది వానల్లో పాకే శిలీంధ్రమని ఇప్పుడు తెలుసు. ఏటా నేనే ఆ వేపకు ఎండిన చివర్లు కోసి, కోతలకు మైలుతుత్తం, సున్నం కలిపి పూస్తాను. రంపం పట్టే ముందు మాత్రం చొక్కా చేతులు కిందికి లాక్కుంటాను.