మణిగాడి మాత్రలో సగం

మా చిన్నప్పుడు... అని మొదలుపెట్టి రెండుసార్లు చెరిపేశాను. ఎవరికి కావాలి ఈ గోల అనిపించింది. కానీ ఈ ఉదయం మా మనవరాలు వాళ్ళ కుక్కకు దురద మాత్రను కోడికూర ముక్కలో దాచి, గడ్డం పట్టుకుని బతిమాలి తినిపిస్తుంటే చూశాను... ఇక ఆగలేక రాస్తున్నాను.

చిత్తూరు బజారులో మా నాయనకు కరువాడు అంగడి ఉండేది. కరువాడంటే ఎండు చేపలు. పులికాట్ నుంచి మూటలు దిగేవి. నగరి బస్సులో మేమెక్కితే జనం ముక్కు మూసుకుని వెనక్కి పోయేవారు... మేం హాయిగా కాళ్ళు చాపుకునేవాళ్ళం. అదో వైభోగం. సరే, విషయానికొస్తాను.

నాకు ఎండు రొయ్యలు పడేవి కావు. మూట విప్పితే చాలు... ఒళ్ళంతా దద్దుర్లు. పెదవులు వాచి, కళ్ళు మూసుకుపోయేవి. ఒక్కోసారి ఊపిరి ఈల వేసినట్టు వచ్చేది. అవ్వ గొంగడితో రుద్దేది. దాంతో ఇంకా ఎక్కువయ్యేది.

"ఏమప్పా, కరువాడు అంగడోని కొడుక్కి కరువాడు పడదా? రేపు గాలి గూడా పడదంటాడు సూడు!" అని బేరానికొచ్చినవాళ్ళు నవ్వేవారు.

నాయన కూడా నవ్వేవాడు. "పనిదొంగ నా కొడుకు... అలవాటైతే అదే పోతాది" అంటూ నా చేతులు పట్టుకుని మోచేతుల దాకా రొయ్యల్లోకి దించేవాడు.

అంగట్లో మణిగాడని ఒక కుక్క ఉండేది. ఎలుకల్ని మూటల దగ్గరికి రానిచ్చేవాడు కాదు. రాలిన రొయ్యలు తిని తిని వాడికీ దురద పట్టింది. బొచ్చు ఊడింది. గోకి గోకి రక్తం కారేది. నాయన వాణ్ణి బుట్టలో పెట్టి, సైకిలు మీద పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాడు. దీనికి రొయ్యలు పడవన్నాడు డాక్టరు. రోజుకో మాత్ర వేయమన్నాడు. మనుషుల మందుల అంగట్లో దొరికేదే. అప్పటినుంచి మణిగాడి ముందు ఒక్క రొయ్య రాలినా నాకు దెబ్బలు పడేవి.

"నాయనా, నాకూ అదే గదా?" అని అడిగాను, వాచిన మూతితో.

"కుక్క అబద్దం సెప్పదురా" అన్నాడు.

ఆ మాట అమ్మ విన్నది. మరుసటి రోజునుంచి మాత్రను రెండుగా విరిచి, సగం మణిగాడి సంగటి ముద్దలో పెట్టి, సగం నా నోట్లో వేసి తొందరపెట్టేది. "బిన్నా మింగు. మీ నాయన వస్తా ఉండాడు."

నా వాపు తగ్గింది. మణిగాడు మాత్రం గోక్కుంటూనే ఉండేవాడు.

"సూసినారా, వీనికి అలవాటైపోయినాది. నేను సెప్పలా?" అని నాయన బజారంతా చాటుకున్నాడు.

ఇప్పుడు కుక్కకూ డాక్టరే, పిల్లవాడికీ డాక్టరే. పడదని పిల్లవాడు చెబితే నమ్ముతున్నారు కూడా... మీ చిన్నప్పుడు మీకేం పడేది కాదు? చెబితే ఇంట్లో ఎవరైనా నమ్మారా? రాయండి, చదువుతాను.

మణిగాడు ఆ వానాకాలంలో లారీ కింద పడ్డాడు. నాయన మిగిలిన మాత్రలు మందుల అంగట్లో తిరిగిచ్చేసి వచ్చి, నన్ను రొయ్యల మూట విప్పమన్నాడు. విప్పాను.