కొండగంట నత్తి

నిరుడు వర్షాకాలం. ఇనుపగనుల ఊరు కిరండూల్‌లో, రైల్వే కాలనీలోని మా వరండాలో కూర్చుని నేను ఒక హిందీ సినిమాకు తెలుగు డబ్బింగ్ మాటలు రాశాను. ఆ సినిమాకు మూలమైన బొమ్మల పుస్తకాలను ఒకప్పుడు తెలుగులోకి తెచ్చినవాణ్ణి నేనే గనుక ఆ పని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. రైల్వే కార్యాలయంలో ఉద్యోగం చేస్తూ అనువాదాన్ని రెండో వృత్తిగా సాగించాను. ఏ పనిలో ఎవరేమన్నారో ఆనాడే రాసిపెట్టుకోవడం నా అలవాటు. కాబట్టి ఇక్కడ కోపం నాదే గాని, మాటలు ఎవరివి వారివే.

ఆ పుస్తకాల్లోని వీరుడి పేరు కొండగంట. పిడికిలితో బండను కొడితే లోయంతా గంటలా మోగుతుంది. అంతటి బలశాలికి నత్తి. దుండగులు వెక్కిరిస్తారు. అతడు తొణకడు. మొదలుపెట్టిన వాక్యాన్ని ఎంతసేపైనా పూర్తిచేస్తాడు. పూర్తయ్యాకే చెయ్యెత్తుతాడు.

నత్తిని తెలుగు అక్షరాల్లో పెట్టడం తేలిక కాదు. మొదటి పుస్తకంలో నేను మాటలను ఎక్కడపడితే అక్కడ విరిచాను. మా వరుస క్వార్టర్లలోనే ఉండే సింహాచలం అప్పుడు బడికి వెళ్ళే పిల్లవాడు. వాడికీ నత్తే. పుస్తకం చదివి నా దగ్గరకు వచ్చాడు.

“మ... మాస్టారూ, మాట మజ్జిలో తగులుకోదండి. మొదట్లోనే తగులుకుంటాది. తలుపు తీసేసినాక ఇంకేటి అడ్డం?”

ఆ తరువాతి పుస్తకాలన్నీ ఆ లెక్కనే రాశాను. సింహాచలం ఇప్పుడు గూడ్సు వ్యాగన్లను పరీక్షించే విభాగంలో ఫిట్టరు. వాకీటాకీలో మాట్లాడవలసి వస్తే మాత్రం దానిని పక్కవాడు అందుకుంటాడు.

ఇక సినిమా సంగతి. పాతదాన్ని మార్చడమే తప్పని నేను అనను. పుస్తకంలో కొండగంట చెల్లెలికి ఆపదలో పడటం తప్ప వేరే పని లేదు. సినిమాలో ఆమె గని ఇంజనీరు. ఆ మార్పు మెచ్చుకోదగినది. అయితే వీరుడికి లోహకవచం, హెల్మెట్ తొడిగారు. హత్యకు గురైన కుటుంబాన్ని అంటగట్టారు. దెబ్బకొక చమత్కారం పలికించారు. నత్తిని చిన్ననాటి సన్నివేశం ఒక్కదానిలో చూపించి, పాట ముగిసేలోపు నయం చేసేశారు.

విశాఖపట్నం స్టూడియోలో డబ్బింగ్ డైరెక్టరు సుజాతగారికి ఫోన్ చేశాను.

“ఈ రోజుల్లో హీరోకి నత్తి పెడితే ఎగతాళి చేశారంటారండీ. నిర్మాతలకి అదే భయం.”

“పుస్తకంలో ఎగతాళి చేసేది దుండగులమ్మా. తన్నులు తినేదీ వాళ్ళే.”

ఆమె నవ్వింది. “ఆ మాట హిందీవాళ్ళకి చెప్పాల్సిందండీ. మన చేతిలో ఉన్నవి పెదాలే.”

మా పనిలో లిప్ సింక్ అంటే తెరమీది పెదాల కదలికకు మాట సరిపోవడం. పెదాలు కనిపించనిచోట మాకు స్వేచ్ఛ ఉంటుంది. పతాక సన్నివేశంలో కొండగంట హెల్మెట్ మూసుకుని తన చిన్ననాటి శత్రువుకు ఎదురవుతాడు. ఆ క్షణంలో పాత నత్తి తిరిగి రావడం సహజమేనని వాదించాను. హెల్మెట్ లోపలి గొంతు వేరుగా వినిపించడం మామూలే గనుక, ఆ కొద్ది వాక్యాలకు సింహాచలం గొంతు కావాలన్నాను. ఆమె ఆలోచించి ఒప్పుకుంది.

సింహాచలం మాత్రం వెంటనే ఒప్పుకోలేదు.

“న... నా గొంతా? హాల్లో అందరూ నవ్వుతారండి.”

“నవ్వితే ఏం చేస్తావు?”

“నవ్వనీండి. న... నాను ఏటనబోయినా మజ్జిలో ఎవుడో ఒకడు మాట అందించేస్తాడు మాస్టారూ. మా అమ్మ కూడా అందించేస్తాది. త... తెరమీదైతే ఎవుడూ అందించలేడు కదండీ.”

కొండచరియలు పడి రైలు దంతెవాడ దాటి రావడంలేదు. అక్కడివరకు బస్సులో వెళ్ళి రైలెక్కాం. రికార్డింగ్ గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాడు ఆ వాక్యం పలికాడు. “న... నే... నేను ప... పారిపోలేదు. మ... మాట కోసం ఆగాను.” రెండో టేకు అక్కరలేదంది సుజాతగారు. డైలాగు షీటుపై ఎర్రసిరాతో, హిందీలోనూ ఇంగ్లీషులోనూ, ఇది కావాలని పెట్టిన నత్తి, ముట్టుకోవద్దు అని రాసి సంతకం చేశాను.

సినిమా ఓటీటీలోకి వచ్చిన సాయంత్రం కాలనీ హాల్లో తెర కట్టారు. సింహాచలం తల్లి నూకరత్నం ముందు వరుసలో కూర్చుంది. తెరమీద కొండగంట హెల్మెట్ మూసుకుంది. సింహాచలం గొంతే వినిపించింది, తడబాటు లేకుండా. “నేను పారిపోలేదు. మాట కోసం ఆగాను.” మిగిలిన ఖాళీని సంగీతంతో నింపారు.

హాలంతా ఈలలు. “నత్తి పోనాదిరోయ్ సింహాచలానికి!” అని ఎవరో అరిచారు. నూకరత్నం తెరకు దండం పెట్టింది. సింహాచలం నావైపు చూశాడు. ఏదో చెప్పబోయాడు. “న... నా...” అనగానే పక్కవాడు అందించాడు: “నా గొంతేనా అంటన్నాడు! నీదేరా బాబూ!”

జరిగినది తరువాత తెలిసింది. ముంబయిలో శబ్దమిశ్రమం చేసేవారు శ్వాసలు, పెదాల చప్పుళ్ళు, రెండుసార్లు పడిన అక్షరాలు తీసివేస్తారు. దాన్ని క్లీనింగ్ అంటారు. తెలుగు రాని ఉద్యోగి నత్తిని రికార్డింగ్ లోపం అనుకున్నాడు. షీటు ఎవరూ చదవలేదు. నేను ఘాటుగా లేఖ రాశాను. “మీరు తెలిపిన శబ్దలోపం ఇదివరకే సరిచేయబడినది” అని జవాబు వచ్చింది. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివినా నా కోపం చల్లారలేదు.

అంతకన్నా బాధాకరమైనది కాలనీలో జరిగింది. ఇదివరకు వాడి మాట అందించేవారే ఇప్పుడు నిలదీస్తున్నారు. “సినిమాలో గడగడా మాటాడినావు కదరా, మాతో మాటాడ్డానికేటి నొప్పి?” తమను తేలిక చేస్తున్నాడని కొందరు ముఖం తిప్పుకున్నారు. సింహాచలం మాట్లాడటం తగ్గించాడు, తరువాత దాదాపు మానేశాడు. జరిగింది విడమరచి చెప్పాను. మర్యాదగా విన్నారు, నమ్మలేదు. చెవులారా విన్నాం కదా అన్నారు.

రాసినవాడి పని రాతతో ముగియదని ఈ వృత్తి నాకు ఆలస్యంగా నేర్పింది. చివరి శబ్దం నా చెవితో విననిదే ఇప్పుడు ఏ పనీ ఒప్పుకోను. ఒక మనిషి లోపాన్ని గౌరవం పేరుతో దాచేవారికి, ఆ మనిషినే దాచేస్తున్నామని తోచదని కూడా తెలిసింది. ఈ తెలివివల్ల సింహాచలానికి కలిగిన మేలు లేదు.

మొన్న కూరల బజారులో నూకరత్నం నన్ను ఆపింది.

“మాస్టారూ, మావోడికి ఇంకో సినిమా ఇప్పించండి బాబూ. అందులో మాటాడితే, ఆ ఊపులో నాతో కూడా రెండు మాటలు మాటాడతాడేమో.”