పాకాలలో రాగి ఇడ్లీ

యుద్ధకాలంలో బియ్యం కరువైన రోజులవి. తిరుపతి నుంచి మదనపల్లెకు పోతూ పాకాల జంక్షనులో దిగాను. ధర్మవరం బండి తెల్లవారుజామున గానీ రాదన్నారు. స్టేషను ఎదుట, రాత్రి రైళ్లకు వచ్చేవాళ్ల కోసం ఏళ్లుగా నడుస్తున్న కాఫీ హోటల్లో కూర్చున్నాను. హోటలాయన ఆకులో రాగి ఇడ్లీలు వేశాడు.

పక్కనున్న పెద్దాయన తన ఇడ్లీని వేలితో పొడిచి చూశాడు. "ఇది ఇడ్లీనా అబ్బా? గోడకేసి కొడితే గోడ పగులుతాది. వీళ్ల నాయన ఉన్నప్పుడు సూడల్ల, దూదే!"

ఎదుట కూర్చున్న జట్కా అతను ఒప్పుకోలేదు. "యాడప్పా? ఆయన సాంబారు వట్టి నీళ్లు. కొడుకు చెయ్యే మేలు."

హోటలాయన నవ్వుతూ ఇద్దరికీ వడ్డిస్తున్నాడు. నేను ఊరుకోలేక, "పెద్దాయన చెప్పింది నిజమేనండీ. మా బందరులో అయితే ఈ హోటలు ఎప్పుడో మూతపడేది" అన్నాను.

పెద్దాయన నా మీదికి తిరిగాడు. "బియ్యం దొరక్కపోయినా ఒక్క రాత్రి పొయ్యి ఆర్పలేదు ఈయప్ప. మా హోటలు మూసేదానికి నువ్వెవరప్పా?"

"తమరే కదండీ గోడ పగులుతుందన్నారు?"

"నేను మీసాలు రాకముందు నుంచి ఈడ తింటా ఉండా. నేనంటా."

అంటూనే హోటలాయన చేతిలోని బక్కెట్టు లాక్కుని, నా ఇడ్లీలు మునిగేదాకా సాంబారు పోశాడు. "నానబెట్టి తిను."

నానబెట్టి తిన్నాను. నిజంగానే రుచిగా ఉంది.

"చాలా బాగుందండీ" అన్నాను.

పెద్దాయన పెదవి విరిచాడు. "యాడ బాగుండాది? ఉప్పు చాల్లేదు."